నిరసనలో పట్టుకెళ్లాక: హక్కుల కార్యకర్త కోసం బయటివాళ్లు ఏం చేయాలి?

"నిన్న సాయంత్రం తీసుకెళ్లారు. ఎక్కడ పెట్టారో ఇంకా చెప్పడం లేదు." ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు కాళ్లూ చేతులూ ఆడవు. ఎవరికి చెప్పాలో, ఏం అడగాలో తోచదు. ఆ టెన్షన్‌లోనే రెండు రోజులు గడిచిపోతాయి. తర్వాత కేసు నిలబడటానికి కావలసిన వివరాలన్నీ ఎక్కువగా ఆ రెండు రోజుల్లోనే ఉంటాయి.

అరెస్టయిన కార్యకర్తల కుటుంబాలతో కూర్చుని ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదులు రాయడంలో నేను కొన్నేళ్లుగా సాయపడుతున్నాను. చాలామంది దగ్గర కొండంత ఆవేదన ఉంటుంది, తేదీలు మాత్రం ఉండవు. ఏ రోజు, ఎన్ని గంటలకు పట్టుకున్నారు? ఎన్ని గంటల తర్వాత జడ్జి ముందుకు తెచ్చారు? లాయర్‌ని ఎప్పుడు కలవనిచ్చారు? ఈ మూడింటికి ఆధారంతో జవాబు చెప్పగలిగితే సగం ఫిర్యాదు రాసేసినట్టే. ఇక్కడ చెప్పబోయేవి ఏ దేశంలో ఉన్నవారికైనా పనికొచ్చే అంతర్జాతీయ ప్రమాణాలు, పద్ధతులు. స్థానిక చట్టం సంగతి అక్కడి లాయర్ చెప్పాలి.

ముందు ఒక మాట అర్థం చేసుకోవాలి

వాడుకలో మనం "అక్రమ నిర్బంధం" అంటాం. అక్రమం అంటే చట్టానికి విరుద్ధం. కానీ అంతర్జాతీయ చట్టం నిషేధించేది అంతకన్నా విశాలమైనది. న్యాయమైన కారణం లేని నిర్బంధం ఏదైనా దాని కిందికి వస్తుంది. దాన్ని "నిర్హేతుక నిర్బంధం" అందాం. ఒక దేశపు చట్టం ప్రకారం అంతా సక్రమంగా కనిపించినా, వారెంట్ ఉన్నా, కోర్టు శిక్ష వేసినా అది నిర్హేతుకం కావచ్చు.

1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 9వ అధికరణం, 1976లో అమల్లోకి వచ్చిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 9వ అధికరణం దీనికి మూలం. ఆ ఒడంబడిక అమలును చూసే మానవ హక్కుల కమిటీ 2014లో ఇచ్చిన 35వ సాధారణ వ్యాఖ్యలో (ఒడంబడికను ఎలా అర్థం చేసుకోవాలో కమిటీ ఇచ్చే వివరణ) స్పష్టంగా చెప్పింది: భావ ప్రకటన, శాంతియుత సమావేశం వంటి హక్కుల్ని వాడుకున్నందుకు శిక్షగా ఎవరినైనా నిర్బంధిస్తే అది నిర్హేతుకమే. హాంకాంగ్ లాయర్ చౌ హాంగ్-టుంగ్ విషయమే చూడండి. 1989లో బీజింగ్‌లో సైన్యం కాల్పుల్లో చనిపోయిన టియానన్మెన్ నిరసనకారుల స్మృతిలో ఏటా కొవ్వొత్తుల సభ జరుపుతూ వచ్చిన సంస్థకు ఆమె నాయకురాలిగా ఉండేవారు. చట్టాలు చూపించారు, కోర్టులు శిక్షలు వేశాయి. అయినా ఆమె నిర్బంధం నిర్హేతుకమని 2023లో ఇలాంటి కేసుల్ని పరిశీలించే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం (వర్కింగ్ గ్రూప్) తేల్చింది.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, "కోర్టే రిమాండ్ వేసింది కదా, ఇంకేం చేస్తాం" అని ఇంట్లోవాళ్లు కూలబడిపోవడం చాలాసార్లు చూశాను. కోర్టు రిమాండ్ వేసినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు.

మీ మనిషికి "కార్యకర్త" అనే బోర్డు లేకపోయినా ఫర్వాలేదు. ఐక్యరాజ్యసమితి 1998 డిసెంబర్ 9న ఆమోదించిన మానవ హక్కుల రక్షకుల ప్రకటన చేసే పనిని చూస్తుంది, హోదాను చూడదు. టీచరైనా, విద్యార్థి అయినా, రైతయినా, హక్కుల కోసం శాంతియుతంగా నిలబడినవారెవరైనా రక్షకులే.

అడుగు 1: నిరసనకు వెళ్లకముందే

ఫోన్‌లో నంబర్లుంటే చాలదు, ముందుగా లాగేసుకునేది ఫోన్నే. లాయర్ నంబరు, ఇంట్లో ఒకరి నంబరు చేతి మీద చెరగని ఇంకుతో రాసుకోవాలి. వేలిముద్రతోనో ముఖంతోనో తెరుచుకునే లాక్ తీసేసి పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. రోజూ వేసుకునే మందులుంటే పేర్లు, మోతాదు డాక్టర్ చీటీతో సహా ఇంట్లో ఉంచాలి. తిరిగి రాగానే కబురు చేయాల్సిన మనిషి ఒకరు బయట ఉండాలి. "ఎనిమిదింటికల్లా ఫోన్ రాకపోతే వెతకడం మొదలుపెట్టు" అని గంటతో సహా వారికి చెప్పి వెళ్లాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది మరిచిపోయేది, సమ్మతి పత్రం. ఐక్యరాజ్యసమితి నిపుణులు ఒకరి పేరుతో ప్రభుత్వానికి ఉత్తరం రాయాలంటే సాధారణంగా ఆ మనిషి సమ్మతి ఉందా అని అడుగుతారు. మనిషి లోపలికెళ్లాక, లాయర్‌నే కలవనివ్వని చోట, సంతకం తెచ్చేదెవరు? అందుకే ముందే నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టి, తేదీ వేసి, నమ్మకస్తుల దగ్గర ఉంచాలి. ఇలా ఉంటే చాలు:

"శాంతియుత కార్యకలాపాల కారణంగా నన్ను నిర్బంధిస్తే, నా తరఫున ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల యంత్రాంగాలకు నా పేరుతో ఫిర్యాదు చేయడానికి ఫలానా వారికి సమ్మతి ఇస్తున్నాను. ఆ ఉత్తరాలు తర్వాత బహిరంగమవుతాయని నాకు తెలుసు. పత్రికలకు నా పేరు, ఫోటో ఇవ్వాలా వద్దా అన్నది కూడా వారే నిర్ణయించవచ్చు."

చివరి వాక్యం అక్కర్లేదనుకుంటే కొట్టేయండి. అది పూర్తిగా ఎవరి ఇష్టం వారిది.

అడుగు 2: మొదటి 48 గంటలు

48 అనే అంకెకు ఒక కారణం ఉంది. క్రిమినల్ ఆరోపణ మీద అరెస్టు చేసినవారిని "సత్వరం" జడ్జి ముందు హాజరుపరచాలని ఒడంబడిక చెబుతుంది. మామూలుగా 48 గంటలు సరిపోతాయని, అంతకు మించితే చాలా అసాధారణమైన కారణం చూపాల్సిందేనని మానవ హక్కుల కమిటీ వివరించింది. పిల్లల విషయంలో 24 గంటలే. న్యాయవాదుల పాత్రపై 1990 నాటి ఐక్యరాజ్యసమితి మూల సూత్రాలు కూడా అరెస్టయిన 48 గంటల్లోపు లాయర్‌ని కలవనివ్వాలంటాయి. స్థానిక చట్టం ఇంకా తక్కువ గడువు పెట్టి ఉంటే అదే వర్తిస్తుంది.

కాబట్టి ఫోన్ రాగానే ఒక పుస్తకం తీసుకుని పైన సమయం వేయండి. విడి కాగితాలొద్దు, పోతాయి. మొదటి వాక్యం ఇలా ఉండాలి: "ఫలానా తేదీ, రాత్రి 9.10. ఫలానా వారు ఫోన్ చేసి ఇలా చెప్పారు." అక్కడి నుంచి ప్రతి ఫోను, ప్రతి స్టేషన్, ప్రతి జవాబు రాయండి. "మా దగ్గర లేడు పొమ్మన్నారు" అన్నదీ రాయాలి. ఎవరన్నారు, ఎన్నింటికి, బ్యాడ్జి మీద పేరో నంబరో కనిపించిందా, పక్కన ఇంకెవరున్నారు? తర్వాత అధికారులు "కుటుంబానికి వెంటనే తెలియజేశాం" అంటే జవాబు చెప్పేది ఈ పుస్తకమే.

ఎక్కడున్నారో తెలుసుకోవడం మొదటి పని. ఒకరు స్టేషన్లు, మరొకరు ఆస్పత్రులు పంచుకోండి. ఒంటరిగా వెళ్లొద్దు, ఇద్దరుగా వెళ్లండి. నోటిమాటతో అడిగి ఊరుకోకుండా లిఖితపూర్వకంగా అడిగి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వడానికి ఒప్పుకోకపోతే అదే కాగితాన్ని ఈమెయిల్‌లో పంపండి, సమయం దానంతటదే నమోదవుతుంది. నిర్బంధంలో ఉన్న వ్యక్తుల రక్షణకు 1988లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సూత్రావళి ప్రకారం, తనను ఎక్కడ ఉంచారో కుటుంబానికి తెలియజేసే హక్కు ఆ వ్యక్తికి ఉంది. ఒక చోటి నుంచి మరో చోటికి మార్చినప్పుడు కూడా ఆ హక్కు ఉంటుంది. మీ ఉత్తరంలో ఆ మాట రాయండి.

తీసుకెళ్లారని సాక్షులున్నా అధికారులు "మేం తీసుకెళ్లలేదు" అంటుంటే అది మామూలు అరెస్టు కాదు, బలవంతపు అదృశ్యం. దానికి ఐక్యరాజ్యసమితిలో 1980 నుంచి వేరే వర్కింగ్ గ్రూప్ ఉంది. గత మూడు నెలల్లో జరిగిన అదృశ్యాలపై అది అత్యవసర పద్ధతిలో కదులుతుంది. "రేపు చూద్దాం, వదిలేస్తారేమో" అని ఆగకండి. ఫిర్యాదు చేశాక వదిలేస్తే మరీ మంచిది.

పట్టుబడిన మనిషి విదేశీయుడైతే సొంత దేశపు కాన్సులేట్‌కు కబురు పంపించుకునే హక్కు 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం కింద ఉంది. ఇంట్లోవాళ్లు నేరుగా కాన్సులేట్‌కు ఫోన్ చేయొచ్చు.

లోపల ఉన్నవారికి లాయర్ ద్వారా చేరాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. లాయర్ లేకుండా ప్రశ్నలకు జవాబు చెప్పొద్దు. చదవకుండా, లేదా తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. బలవంతంగా పెట్టిస్తే జడ్జిని చూసిన మొదటి నిమిషంలోనే ఆ సంగతి చెప్పాలి.

అడుగు 3: కోర్టులో

ఇక్కడ లాయర్ నడిపించాలి, మీరు సాయం చేయాలి. నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోర్టును అడిగే హక్కు ఒడంబడిక 9వ అధికరణం నాలుగో పేరాలో ఉంది. హెబియస్ కార్పస్ అని మనం అనేది ఇదే. అత్యయిక పరిస్థితి ప్రకటించినా దీన్ని ఎత్తేయడానికి వీల్లేదు.

మొదటి హాజరులో మూడు విషయాలు కోర్టు రికార్డులోకి ఎక్కాలని లాయర్‌ని అడగండి: నిజంగా పట్టుకున్న సమయం, ఒంటి మీద దెబ్బలు, లాయర్‌ని కలవనివ్వని గంటలు. జడ్జి పట్టించుకోకపోయినా సరే, "ఇది చెప్పాం" అన్నది కాగితం మీద ఉండాలి. దెబ్బలుంటే స్వతంత్ర డాక్టర్ పరీక్ష కోరండి. చిత్రహింసల ఆనవాళ్లు ఎలా నమోదు చేయాలో చెప్పే ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అనే ఐక్యరాజ్యసమితి మార్గదర్శకం ఉంది, డాక్టర్ దాన్ని అనుసరిస్తే నివేదికకు బలం ఎక్కువ. కమిలిన గుర్తులు రోజులు గడిచేకొద్దీ మాయమవుతాయి కాబట్టి ఆలస్యం పనికిరాదు.

అనుమతి లేని సభ అన్న ఆరోపణే ఎక్కువగా ఎదురవుతుంది. మానవ హక్కుల కమిటీ 2020లో ఇచ్చిన 37వ సాధారణ వ్యాఖ్య లాయర్ చేతిలో ఉండాలి. ముందస్తు సమాచారం ఇవ్వనంత మాత్రాన సభ చట్టవిరుద్ధం కాదని, దాన్నే సాకుగా చూపి చెదరగొట్టడం, అరెస్టు చేయడం కుదరదని అది చెబుతుంది. ట్రాఫిక్ ఆగిపోవడం, తోపులాట జరగడం హింస కిందికి రావు. గుంపులో ఎవరో ఇద్దరు రాళ్లు వేస్తే ఆ నేరం మిగతావారికి అంటగట్టకూడదు. చాలా కేసుల్లో ప్రాసిక్యూషన్ వాదన నిలబడేది సరిగ్గా ఈ చివరి విషయం మీదే, అందుకే మీ మనిషి ఆ సమయంలో ఎక్కడ నిలబడ్డాడో చూపే వీడియో దొరికితే వదలొద్దు.

మీ నగరంలో విదేశీ రాయబార కార్యాలయాలుంటే విచారణ చూడ్డానికి రమ్మని ఉత్తరం రాయవచ్చు. హక్కుల రక్షకుల విచారణలకు పరిశీలకులుగా వెళ్లడం గురించి యూరోపియన్ యూనియన్ 2004 నుంచి తన దౌత్య కార్యాలయాలకు మార్గదర్శకాలు పెట్టుకుంది. కోర్టు హాలు వెనక బెంచీలో ఒక పరిశీలకుడు నోట్స్ రాసుకుంటూ కూర్చుంటే అందరి తీరూ ఎంతో కొంత మారుతుంది.

అడుగు 4: ఫైలు తయారుచేయడం

ఇంతకుముందు చెప్పిన పుస్తకం లేకపోయినా ఆశ వదులుకోకండి. ఒకసారి ఒక కార్యకర్త అక్కగారితో కూర్చుని కాలక్రమం రాస్తున్నాం. తమ్ముణ్ని ఏ రోజు తీసుకెళ్లారో ఆమెకు గుర్తుంది, ఎన్నింటికో గుర్తులేదు. "చీకటి పడింది" అన్న మాట తప్ప ఇంకేం చెప్పలేకపోతోంది. ఆమె ఫోన్ తీసుకుని కాల్ లిస్టు కిందికి జరుపుతూ పోయాం. ఆ రాత్రి 7.52 నుంచి తమ్ముడికి వరుసగా పదకొండు కాల్స్ చేసింది, ఒక్కటీ కలవలేదు. వాటికి కింద 7.31కి తమ్ముడి దగ్గర్నుంచి వచ్చిన కాల్ ఒకటి ఉంది. 14 సెకన్లు. ఆ అంకె చూడగానే ఆమెకు గుర్తొచ్చింది. "వ్యాన్ ఎక్కిస్తున్నారక్కా" అన్నాడట, అంతలో కట్ అయింది.

అరెస్టు కాగితంలో సమయం మర్నాడు ఉదయం 11 గంటలని ఉంది. అంటే దాదాపు పదిహేనున్నర గంటలు ఏ కాగితంలోనూ లేవు. ఆ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీసి మూడు చోట్ల దాచాం. ఫిర్యాదులో అన్నిటికన్నా గట్టి పేరా ఆ 14 సెకన్ల మీద నిలబడింది.

మీరూ అలాగే వెతకండి. కాల్ లిస్టులు, వాట్సాప్ మెసేజ్‌ల సమయాలు, బస్సు టికెట్లు, జైలు ములాఖత్ రిజిస్టర్, లాయర్ బిల్లు మీది తేదీ. అన్నిటినీ ఒకే వరుసలో పెట్టండి: తేదీ, గంట, ఏం జరిగింది, దానికి ఆధారం. ఆధారం లేని వరుస ఉంటే అలాగే ఖాళీగా ఉంచండి, ఊహతో నింపొద్దు.

ఫోటోలు, వీడియోల విషయంలో అసలు ఫైలును కత్తిరించకుండా, ఫిల్టర్ వేయకుండా విడిగా దాచాలి. ఎవరికి పంపినా కాపీనే పంపాలి. బయట పెట్టే కాపీలో మిగతా నిరసనకారుల ముఖాలు కనిపించకుండా చేయండి. మీ మనిషిని విడిపించే ప్రయత్నంలో మరొకరిని పట్టించకూడదు. సాక్షుల వాంగ్మూలాలు వాళ్ల మాటల్లోనే రాయించండి. పేరు వాడొచ్చో లేదో అడిగి, జవాబు కూడా రాసుకోండి.

మీ మనిషి గతంలో చేసిన పనికి సంబంధించిన కాగితాలు కూడా ఫైల్లో చేరాలి. రాసిన వ్యాసాలు, ఇచ్చిన వినతిపత్రాలు, అంతకుముందు వచ్చిన బెదిరింపులు, నిఘా, పాత కేసులు. "ఆ రోజు గొడవ జరిగింది కాబట్టి పట్టుకున్నాం" అని ప్రభుత్వం అంటుంది. ఆ పని చేస్తున్నందుకే పట్టుకున్నారని చూపించేది ఈ పాత కాగితాలే.

అడుగు 5: ఐక్యరాజ్యసమితికి రాయడం

రెండు దారులున్నాయి. రెండూ ఉచితం. లాయర్ తప్పనిసరి కాదు. కుటుంబం గానీ, స్నేహితులు గానీ, సంఘం గానీ పంపవచ్చు.

మొదటిది అత్యవసర విజ్ఞప్తి. ప్రాణానికో, ఆరోగ్యానికో ప్రమాదం ఉన్నప్పుడు, చిత్రహింసల భయం ఉన్నప్పుడు ఇది. మానవ హక్కుల రక్షకుల కోసం 2000 నుంచి, శాంతియుత సమావేశ హక్కు కోసం 2010 నుంచి ప్రత్యేక నిపుణుల పదవులు ఉన్నాయి. చిత్రహింసలు, భావ ప్రకటన, న్యాయవ్యవస్థ స్వతంత్రతల మీద వేరే నిపుణులు ఉన్నారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం వెబ్‌సైట్‌లో ఒకే ఫారం నింపి వీళ్లలో చాలామందికి ఒకేసారి పంపవచ్చు. వాళ్లకు సబబు అనిపిస్తే కలిసి ప్రభుత్వానికి ఉత్తరం రాస్తారు. 60 రోజుల తర్వాత ఆ ఉత్తరం బహిరంగమవుతుంది. ఇది తీర్పు కాదు, ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న.

రెండోది నిర్హేతుక నిర్బంధంపై వర్కింగ్ గ్రూప్. 1991లో ఏర్పడింది. ప్రపంచంలోని ఒక్కో ప్రాంతం నుంచి ఒకరు చొప్పున అయిదుగురు స్వతంత్ర నిపుణులుంటారు. వీళ్లు కేసును పరిశీలించి, ఆ నిర్బంధం నిర్హేతుకమో కాదో చెబుతూ రాతపూర్వక అభిప్రాయం ఇస్తారు. ఈ గ్రూప్‌లో కుటుంబాలకు పెద్ద ఊరట ఏమిటంటే, దేశంలోని కోర్టులన్నీ అయిపోయేదాకా ఆగనక్కర్లేదు. ఒడంబడిక మీద సంతకం చేయని దేశమైనా ఫిర్యాదు తీసుకుంటారు. ఫిర్యాదు పంపినవారి పేరు ప్రభుత్వానికి చెప్పరు.

ఆ గ్రూప్ నిర్బంధాన్ని అయిదు వర్గాలుగా చూస్తుంది. ఒకటి, చట్టపరమైన ఆధారమే లేకపోవడం. రెండు, హక్కును వాడుకున్నందుకు నిర్బంధించడం. మూడు, న్యాయమైన విచారణ జరగకపోవడం. నాలుగు, శరణార్థులను, వలస వచ్చినవారిని సరైన సమీక్ష లేకుండా దీర్ఘకాలం పాలనాపరమైన కస్టడీలో ఉంచడం. అయిదు, వివక్షతో నిర్బంధించడం. నిరసనకారుల కేసుకు ప్రాణం రెండో వర్గమే. అయినా అక్కడితో ఆగొద్దు. ఆలస్యంగా జడ్జి ముందుకు తెస్తే ఒకటో వర్గం, లాయర్‌ని అడ్డుకుంటే మూడోది, రాజకీయ అభిప్రాయం వల్లో, హక్కుల కార్యకర్త కావడం వల్లో పట్టుకుంటే అయిదోది కూడా వర్తించవచ్చు. ఏ వర్గం కింద ఏ సంఘటన వస్తుందో విడివిడిగా రాయండి.

వర్కింగ్ గ్రూప్ వెబ్ పేజీలో ఒక నమూనా ప్రశ్నావళి ఉంది. దాన్ని నింపడమే సులువైన మార్గం. ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లో ఏదో ఒకదానిలో రాయాలి. తెలుగులో ఉన్న కాగితాలకు అనువాదం జతచేయండి, కనీసం ముఖ్యమైన పేరాలకైనా.

ఇప్పుడు రాసే తీరు. చాలా ఫిర్యాదులు ఇలా మొదలవుతాయి:

"ఈ దుర్మార్గపు ప్రభుత్వం ప్రజల గొంతు నొక్కుతూ మా సోదరుణ్ని దారుణంగా ఎత్తుకెళ్లి రోజుల తరబడి చీకట్లో ఉంచింది."

ఇందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ నిపుణులు పట్టుకోవడానికి ఒక్క వివరమూ లేదు. అదే సంగతి ఇలా రాయండి:

"12వ తేదీ సాయంత్రం 5.40కి కోర్టు భవనం ఎదుట ప్లకార్డు పట్టుకుని కూర్చున్న ఆయన్ను యూనిఫాంలో ఉన్న నలుగురు వ్యాన్ ఎక్కించారు. వారెంట్ చూపలేదు, కారణం చెప్పలేదు (జత 2: వీడియో). 15వ తేదీ మధ్యాహ్నం 3 గంటలకు, అంటే 69 గంటల 20 నిమిషాల తర్వాత, మొదటిసారి జడ్జి ముందు హాజరుపరిచారు (జత 5: కోర్టు ఉత్తర్వు). అప్పటిదాకా లాయర్‌ని కలవనివ్వలేదు (జత 4: లాయర్ వాంగ్మూలం)."

ఇలా రాస్తే ఏమవుతుందంటే, హక్కుల ఉల్లంఘన జరిగిందని ప్రాథమికంగా కనిపించేలా మీరు చూపితే, కాదని నిరూపించే భారం ప్రభుత్వం మీద పడుతుంది. "అన్నీ చట్టప్రకారమే చేశాం" అని ఊరికే అంటే చాలదని వర్కింగ్ గ్రూప్ తన అభిప్రాయాల్లో పదేపదే రాస్తుంది. మీరు గంటలు చెబితే వాళ్లూ గంటలే చెప్పాలి. మీరు విశేషణాలు రాస్తే వాళ్లకు ఖండించడం తేలిక.

మీకు నష్టం చేసే నిజాన్ని దాచకండి. పాత కేసు ఉంటే మీరే చెప్పండి. ఎలాగూ ప్రభుత్వం జవాబులో అది వస్తుంది. దాచినట్టు తేలితే మిగతా నిజాల మీద కూడా నీడ పడుతుంది.

పంపాక ఏం జరుగుతుంది? గ్రూప్ ప్రభుత్వానికి 60 రోజుల గడువిస్తుంది, కోరితే గరిష్ఠంగా ఇంకో నెల. ప్రభుత్వ జవాబు వస్తే మీకు పంపి, మీరేమంటారని అడుగుతుంది. ఏడాదికి మూడు సమావేశాల్లో కేసులు తేలుస్తారు కాబట్టి ఓపిక కావాలి. మధ్యలో ఏ మార్పు జరిగినా, అంటే జైలు మార్చినా, కొత్త కేసు పెట్టినా, విడుదలైనా, వెంటనే తెలియజేయాలి.

ఒక హెచ్చరిక. యూరప్ మానవ హక్కుల కోర్టు పరిధిలోని దేశంలో ఉంటే, ఇక్కడ ఫిర్యాదు చేసేముందు లాయర్‌తో తప్పక మాట్లాడండి. వర్కింగ్ గ్రూప్ ముందుకు వెళ్లిన విషయాన్నే తమ దగ్గరికి తెస్తే తీసుకోబోమని ఆ కోర్టు 2009లో ఒక ఫ్రాన్స్ కేసులో తేల్చింది. ఇక ఒడంబడిక కింద మానవ హక్కుల కమిటీకి వెళ్లాలంటే వ్యక్తులు కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలిచ్చే మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను ఆ దేశం ఆమోదించి ఉండాలి, స్థానిక కోర్టుల దారి కూడా పూర్తయి ఉండాలి.

ఈ అభిప్రాయాలతో తలుపులు వాటంతటవే తెరుచుకోవని కుటుంబాలకు ముందే చెబుతాను. చైనా రచయిత లియు షియావోబో నిర్బంధం నిర్హేతుకమని 2011లోనే వర్కింగ్ గ్రూప్ చెప్పింది. ఆయన 2017 జులై 13న ఆస్పత్రిలో, కాపలా మధ్యే కన్నుమూశారు. మరోవైపు, మహిళల డ్రైవింగ్ హక్కు కోసం పోరాడిన సౌదీ కార్యకర్త లుజైన్ అల్-హత్లూల్ విషయంలో 2020లో అభిప్రాయం వచ్చింది, 2021 ఫిబ్రవరిలో ఆమె జైలు నుంచి బయటికొచ్చారు. ఒక్క కాగితమే ఆమెను విడిపించిందని అనలేం. కుటుంబం గొంతు, పత్రికలు, ఇతర దేశాల ఒత్తిడి అన్నీ కలిశాయి. కానీ వాళ్లందరి చేతుల్లోనూ చూపించడానికి ఒక కాగితం ఉంది.

అడుగు 6: బయట చెప్పాలా, నిశ్శబ్దంగా ఉండాలా?

దీనికి ఒకే జవాబు లేదు. నిర్ణయం లోపలున్న మనిషిది, అది తెలియకపోతే కుటుంబానిది. సంఘానిది కాదు, నాలాంటి సాయపడేవాళ్లది అసలే కాదు. నా అనుభవంలో, ఎక్కడున్నారో తెలియని రోజుల్లో పేరు బయటపెట్టడమే మేలు చేసింది. తెరవెనక విడుదల మాటలు నిజంగా సాగుతున్నప్పుడు కొన్నాళ్లు ఆగడం మంచిది. "మాట్లాడితే ఇంకా బిగిస్తాం" అని అధికారులే బెదిరిస్తున్నారంటే అది చర్చ కాదు, ఆ తేడా గమనించండి.

1961లో బ్రిటన్ లాయర్ పీటర్ బెనెన్సన్ ఒక పత్రికలో మరచిపోయిన ఖైదీల గురించి రాసిన వ్యాసం నుంచే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పుట్టింది. ముక్కూముఖం తెలియనివాళ్లు ఖైదీ పేరు మీద ఉత్తరాలు రాయడమే వాళ్ల పని. ఇప్పటికీ అదే పద్ధతి పనిచేస్తోంది. పేరు, ఒక మంచి ఫోటో, రెండు వాక్యాల్లో కేసు, ఎవరికి రాయాలో చిరునామా. పోస్టులో అరెస్టయిన రోజులు లెక్క వేయండి, ప్రతి వారం ఆ అంకె మార్చండి. అధికారులను తిట్టే పోస్టు లోపల ఉన్నవారి మీద ఆరోపణగా తిరిగి రావచ్చు.

అడుగు 7: జైలు రోజులు పొడవయినప్పుడు

ప్రతి ములాఖత్ తర్వాత గేటు బయటే పుస్తకం తెరిచి రాయండి: బరువు తగ్గినట్టుందా, మందులు అందుతున్నాయా, ఒంటరి గదిలో ఉంచారా? నెల్సన్ మండేలా నియమాలుగా పిలిచే 2015 నాటి ఐక్యరాజ్యసమితి ప్రమాణాల ప్రకారం రోజుకు 22 గంటలు లేదా అంతకుమించి మనుషులతో సరైన సంబంధం లేకుండా ఉంచడం ఒంటరి నిర్బంధం. అది వరుసగా 15 రోజులు దాటితే నిషిద్ధం. మీరు రోజులు లెక్కపెడుతుంటే పదహారో రోజున అత్యవసర విజ్ఞప్తికి కొత్త కారణం ఉన్నట్టు తెలుస్తుంది. ఉత్తరాలు రాస్తూ ఉండండి, నంబర్లు వేయండి. ఏ నంబరు అందలేదో వాళ్లు చెప్పగలుగుతారు.

బయట ఉన్న కుటుంబం కూడా అలిసిపోతుంది. ఒకరే అన్నీ మోయకుండా పనులు పంచుకోండి: కోర్టు తేదీలు ఒకరు, జైలు ములాఖత్ ఒకరు, ఉత్తరాలు ఒకరు. పిల్లలుంటే వాళ్ల స్కూలు సంగతి చూసే మనిషి ఒకరు కచ్చితంగా ఉండాలి.

అడుగు 8: విడుదలయ్యాక

విడుదలైన రోజే డాక్టర్ పరీక్ష చేయించండి. విడుదల షరతుల కాగితం లాయర్‌తో చదివించండి. ప్రయాణ నిషేధం, ఇంటర్వ్యూలు ఇవ్వకూడదన్న షరతు, వారం వారం సంతకం, ఇలా ఏవుంటాయో చెప్పలేం. విడుదలైనా వర్కింగ్ గ్రూప్ కేసును తేల్చవచ్చు కాబట్టి ఫిర్యాదు వెనక్కి తీసుకోనక్కర్లేదు. ఒడంబడిక 9వ అధికరణం అయిదో పేరా ప్రకారం పరిహారం అడిగే హక్కు ఉంది. అభిప్రాయం అనుకూలంగా వచ్చి ఉంటే, ఆరు నెలల్లోగా ప్రభుత్వం ఏం చేసిందో మీరూ గ్రూప్‌కు రాయండి. ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసినందుకు వేధిస్తే దాన్ని ప్రతీకార చర్య కింద వేరుగా నమోదు చేస్తారు, అదీ తెలియజేయాలి.

పుస్తకం మాత్రం మూసేయకండి. బహ్రెయిన్ హక్కుల కార్యకర్త నబీల్ రజబ్‌కు అనుమతి లేని సభల్లో పాల్గొన్నారని 2012లో శిక్ష వేశారు. ఆ నిర్బంధం నిర్హేతుకమని 2013లో వర్కింగ్ గ్రూప్ చెప్పింది. 2014 మేలో శిక్ష ముగిసి బయటికొచ్చారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఒక ట్వీట్ మీద మళ్లీ అరెస్టు చేశారు, 2016లో మరోసారి. చివరికి జైలు నుంచి బయటికొచ్చింది 2020 జూన్‌లో. రెండోసారి ఫిర్యాదు రాసేటప్పుడు మొదటిసారి రాసిన తేదీలన్నీ కావాల్సి వస్తాయి. విడుదలైన తేదీ, గంట, ఏ గేటు నుంచి వచ్చారో, తీసుకున్న వస్తువుల్లో ఏవి తిరిగివ్వలేదో రాసి, కింద రెండు పేజీలు ఖాళీగా వదిలి, కాపీ లాయర్ దగ్గర ఉంచండి.